వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, వినాయక చవితి, కంటి పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు హాల్లో గోడకు పెట్టాం, చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మన మహిళా విభాగం ఈ హాల్లోనే పొయ్యి వెలిగించి అన్నం పొట్లాలు కట్టింది. వాటిని నీళ్లలో మోసుకెళ్లిన కుర్రవాళ్లు నివేదికలో తమ పేర్లు వద్దన్నారు. వేయడం లేదు. వాళ్లెవరో మనందరికీ తెలుసు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది మన ఊళ్లోనే బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియం సందర్శన. కార్యవర్గంలో ఈ ప్రతిపాదన పెట్టగానే వచ్చిన మొదటి మాట, "బందరు రోడ్డుకు బస్సులెందుకండీ, ఆటోలో వెళ్లి రావచ్చుగా" అని. శ్రీశైలం, అన్నవరం అంటే చర్చ లేకుండా ఆమోదిస్తారు. ఊళ్లో ఉన్నదంటేనే చులకన. సరే, ఇంతవరకు లోపలికి వెళ్లినవారు చేతులెత్తండి అన్నాను. రెండే లేచాయి. అందులో ఒకరు బడిలో చదివే రోజుల్లో వెళ్లారట. తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆ భవనం విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి స్మారకంగా 1887లో మొదలైంది. శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సూయెల్. చాలాకాలం విక్టోరియా జూబిలీ మ్యూజియంగానే పిలిచారు. తరువాత చిత్రకారుడు బాపు పేరిట బాపు మ్యూజియం అయింది. మన సభ్యులైన విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయులు గేటు దగ్గరే అందరినీ ఆపి ఇదంతా చెప్పారు. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపిందీ, తరువాత విజయనగర సామ్రాజ్య చరిత్ర రాసిందీ ఆ సూయెల్ దొరే అనగానే, "అయితే మన రాళ్లను లండన్ పంపింది ఈయనేనా" అని వెనక నుంచి ఒకరు గట్టిగానే అడిగారు. కాదు, లండన్‌లో ఉన్న అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం అంతకు చాలా ముందే, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి, మద్రాసు మీదుగా ఓడెక్కాయి అని మాస్టారు సర్దిచెప్పారు. అడిగినవారి కోపం చల్లారలేదు. కాఫీ తాగేటప్పుడు కూడా అదే మాట.

లోపల అల్లూరు బుద్ధుడి దగ్గర మన బృందం కదలనంటే కదలనంది. ఉమ్మడి కృష్ణా జిల్లాలో దొరికిన నిలువెత్తు సున్నపురాతి విగ్రహం అది. కత్తులు, డాళ్ల దగ్గర పిల్లలు, నాణేల దగ్గర మన కోశాధికారి చిక్కుకుపోయారు.

అన్నిటికన్నా ఎక్కువ సేపు సాగింది 1921 నాటి సంగతులపై మాస్టారి ప్రసంగం. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. అప్పుడు బందరు జాతీయ కళాశాలలో పనిచేస్తున్న పింగళి వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి ఇచ్చింది ఆ సందర్భంలోనే. తెల్ల రంగు చేర్చమన్నది గాంధీజీ. వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు దగ్గరే పుట్టిన మన సభ్యులొకరు "మా ఊరి పక్కనే" అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టలేదు. జూన్ 30 లోపు తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల చరఖాలు అని ఆ సమావేశం లక్ష్యం పెట్టుకుందట. నిధి కోటి దాటింది కూడా. ఇంత చిన్న సంఘంలో ఏడాది చందా వసూలుకు మూడు సార్లు ఇంటింటికీ తిరగవలసి వస్తున్న కార్యదర్శి ఈ మాట విని ఏమనుకోవాలో మీరే చెప్పండి.

మ్యూజియం సిబ్బంది ఎంతో ఓపికగా తిప్పి చూపించారు. వారికి, మాస్టారికి, పెద్దలను చెయ్యి పట్టి దింపిన ఇద్దరు డ్రైవర్లకు, తెల్లవారకముందే పులిహోర, దద్దోజనం సిద్ధం చేసిన మహిళా విభాగానికి, మజ్జిగ ఖర్చు భరించి పేరు చెప్పవద్దన్న దాతకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక చేదు మాట. బస్సుకు నలుగురు చొప్పున వాలంటీర్లుగా పేర్లు ఇచ్చినవారిలో ఆ ఉదయం కనిపించింది ముగ్గురు. మిగిలినవారి ఫోన్లు మోగాయి, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఫొటోల కింద మాత్రం చప్పట్లు కొట్టారు. చక్రాల కుర్చీ తోయడానికి మనిషి లేక అధ్యక్షులే తోశారు, ఆయన వయసు మీకు తెలుసు.

హాలు పైకప్పు మరమ్మతు అర్జీ సంబంధిత కార్యాలయంలో ఇంకా "పరిశీలనలో" ఉంది. అధికారి మారారు, ఫైలు మారలేదు. వానాకాలం లోపు పని కాకపోతే కిందటేడులాగే బకెట్లు పెట్టుకుని క్యారమ్స్ ఆడాలి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, వాటి నకలు నోటీసు బోర్డులో ఉంది. యాత్రకు వసూలైనది ఖర్చులకు సరిపోయింది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి, భోజనాల తరువాత.

వచ్చే ఏడాది అమరావతి మ్యూజియానికి వెళ్దామని పలువురు కోరారు. కొత్త కార్యవర్గం నిర్ణయిస్తుంది. కార్యదర్శి పదవికి నామినేషన్ పత్రాలు టేబుల్ మీద ఉన్నాయి, ఇప్పటివరకు ఒక్కటీ నిండలేదు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ