నీకు పట్టింది కోపం కాదురా

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మూడుసార్లు చదివాను. నాన్నగారి పొలం రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టబోయి పెన్ను బల్లమీద పడేసి, లేచి నోటికొచ్చిందేదో అరిచి, తర్వాత గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చానని రాశావు. చుట్టూ ఉన్నవాళ్లు "ఆవేశపడకండి, ఆవేశపడకండి" అంటుంటే సిగ్గుతో తలెత్తలేకపోయానన్నావు. చివర్లో "నాకేం పట్టిందో తెలీదురా" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే నువ్వన్న మాటే సరైందిరా, వాళ్లన్నది కాదు.

ఇవాళ మనం ఆవేశమంటే కోపమనే అనుకుంటున్నాం. ఆవేశపరుడంటే చటుక్కున చెయ్యెత్తేవాడు. కానీ ఆ మాట పుట్టుకలో కోపం లేనే లేదు. సంస్కృతంలో "విశ్" అంటే లోపలికి వెళ్లడం, దానికి ముందు "ఆ" చేరి ఆవేశం అయింది, అంటే ఏదో ఒకటి వచ్చి మనిషిలో దూరడం. ప్రవేశం ఆ ధాతువులోంచి వచ్చిందే. మనం రోజూ అనే సమావేశం కూడా దానికి చుట్టమే! దూరేది ఏదైనా కావచ్చు, అందుకే భూతావేశం, క్రోధావేశం, శోకావేశం అని విడివిడిగా మాటలున్నాయి. కాలం గడిచేసరికి మిగతావన్నీ పక్కకి పోయి, మన నోట్లో కోపం ఒక్కటే మిగిలింది. నాకిది నిజంగా బాధగా ఉంటుంది, ఇంత పెద్ద మాట అంత చిన్నదైపోవడం.

మీ అమ్మగారు రోజూ గీత చదివేవారుగా, రెండో అధ్యాయం మొదటి శ్లోకం గుర్తు తెచ్చుకో. అర్జునుణ్ణి "కృపయావిష్టం" అంటాడు సంజయుడు. ఆవిష్టుడంటే ఆవేశానికి లోనైనవాడే. అవతలి పక్క తాతల్నీ గురువుల్నీ అన్నదమ్ముల్నీ చూసి, విల్లు పడేసి, కళ్లనిండా నీళ్లతో రథంలో కూలబడ్డ మనిషిలో దూరింది కోపం కాదు, జాలి. అతను విల్లు పడేశాడు, నువ్వు పెన్ను పడేశావు.

(బళ్లో విద్యుదావేశం అని చదువుకున్నాం కదా, దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెట్టేవాళ్లం. అక్కడా అదే మాట. ఆ దువ్వెనకి కోపమొచ్చిందని ఎవరూ అనుకోలేదు.)

అసలు తెలుగు వాక్యమే ఈ సంగతి చెబుతుందిరా. నాకు కోపం వచ్చింది, భయం వేసింది, దిగులు పట్టుకుంది, ఏడుపు ముంచుకొచ్చింది అంటాం. వీటిల్లో ఒక్కదాంట్లోనూ నేను కర్తని కాను. వచ్చేదీ, పట్టేదీ, ముంచేదీ అదే. ఇంగ్లీషులో ఎంథూజియాజమ్ అనే మాట కూడా ఇలాగే గ్రీకు "ఎంథియోస్" నుంచి వచ్చింది, లోపల దేవుడున్నవాడని అర్థం, ఇప్పుడది ఉత్సాహమై ఊరుకుంది.

మన సొంత మాట పూనకం. పూనడమంటే మీద వేసుకోవడం. పూనిక, పూనుకోవడం అన్నీ ఆ కుదుట్లోవే. రథానికి గుర్రాల్ని పూన్చారు అంటారు, అంటే కట్టారని. అమ్మవారు పూనింది అన్నప్పుడల్లా నాకు ఆ గుర్రాలే గుర్తొస్తాయి, ఎవరో వచ్చి మనిషిని తన బండికి కట్టుకున్నట్టు ఉంటుంది. ఇది నా ఊహ అనుకో.

ఇక్కడ తెలంగాణలో శిగం ఊగడం అంటారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం ఉంటుంది, ఒకావిడ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. ఒకసారి జనంలో ఇరుక్కుని చూశాను. ఆవిడ చాలాసేపు కోపంగానే మాట్లాడింది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం చేతులు జోడించి అడుగుతున్నారు, మా పూజలు అందాయా తల్లీ, ఏం తక్కువైంది అని. అప్పుడు మన ఊరి కొలుపులు గుర్తొచ్చాయి. డప్పుల మధ్య జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న మనిషికి వేపమండలతో విసిరి, పసుపు నీళ్లు చల్లి పెద్దవాళ్లు ఏమని అడిగేవారు? "ఎవరు తల్లీ వచ్చింది? ఏం కావాలి?" అని కదా. ఆవేశపడకు తల్లీ అని ఒక్కరూ అనలేదు. పూనకం వచ్చినావిడ తెల్లారి మామూలుగా నీళ్లకి వెళ్లేది, సిగ్గుపడేది కాదు, ఊళ్లోవాళ్లూ ఏం తప్పు పట్టేవాళ్లు కాదు.

ఆ ఆఫీసులో నిన్ను ఒక్కరైనా అలా అడిగుంటే బావుండేదని ఈ నాలుగు రోజులూ అనుకుంటూనే ఉన్నాను. నేను అడుగుతున్నా. ఎవరొచ్చార్రా నీలోకి? మీ నాన్నేనా? బోరులో నీళ్లు పడిన రోజున ఆయన తలపాగా విప్పి మొహం కప్పుకుని గట్టు మీద కూర్చుండిపోయాడు, మనం ఆ బురదనీళ్లలో గెంతుతున్నాం. అప్పుడాయన ఏడుస్తున్నాడని నాకు అర్థం కాలేదు. మొన్న నీ ఉత్తరం చదువుతుంటే తెలిసింది.

ఆ రోజు ఏం అరిచావో గుర్తొచ్చినంత రాయి. సగం సగం వాక్యాలైనా ఫర్లేదు. వచ్చే నెల మొదటి శనివారం వస్తున్నాను, బస్టాండుకి రావద్దు, నేనే నడిచొస్తా. సాయంత్రం పొలం దాకా వెళ్దాం. అది వేరేవాళ్లదైనా గట్టు మీద కూర్చుంటే ఎవరేమంటారు?

నీ,
రాముడు