లిమిటెడ్ ఎడిషన్ పెట్టేముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ స్టోర్‌లో లిమిటెడ్ ఎడిషన్ (కొన్ని పీసులే చేసి, మళ్లీ చేయని సరుకు) లాంచ్‌ల గురించి చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు స్టాక్ లెక్క. చేతిలో 100 పీసులుంటే సైట్‌లో 95 మాత్రమే పెట్టండి. దారిలో పగిలినవాటికి బదులు పంపడానికి ఆ 5 కావాలి, మళ్లీ తయారు చేయలేం కదా. చాలా స్టోర్లలో కార్ట్‌లో వేసుకున్నంత మాత్రాన సరుకు ఆ కస్టమర్ కోసం ఆగదు, ఆర్డర్ పూర్తయ్యాకే స్టాక్ తగ్గుతుంది. ఈ సంగతి పేజీలోనే రాయండి. లేకపోతే "నా కార్ట్‌లో ఉన్నది ఎలా పోయింది?" అని అడుగుతారు, ఆ బాధలో న్యాయం ఉంది. స్టాక్ సున్నా అయ్యాక కూడా ఆర్డర్లు తీసుకునే సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. మనిషికి ఇన్నే అని పరిమితి పెట్టండి.

లాంచ్ మొదలయ్యే టైమ్‌తో పాటు టైమ్ జోన్ కూడా చెప్పండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: అన్నీ అమ్ముడయ్యాక గిరాకీ చూసి మళ్లీ అదే తేవద్దు. ముందు కొన్నవాళ్లు ఇది మళ్లీ రాదన్న మన మాట నమ్మి కొన్నారు. దొరకనివాళ్ల పేర్లు వెయిటింగ్ లిస్ట్‌లో రాసుకుని, తర్వాతి లాంచ్ కబురు వాళ్లకే ముందు పంపండి.

ఎవరి లాంచ్ అయినా దగ్గర్లో ఉంటే పేజీ లింక్ ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను.