ఇల్లు కట్టుకోవాలన్నా, మిద్దె బాగు చేయించుకోవాలన్నా

అందరికీ నమస్కారం. నిన్నటి వానకు మా మిద్దె మళ్లీ కారింది. పైన చౌడు మట్టి కొత్తగా పరిచినా, దూలం పక్క నుంచి చుక్కలు సరిగ్గా పప్పు గిన్నెలోనే పడ్డాయి. అందుకే, ఇల్లు కట్టుకోవడానికి, బాగు చేయించుకోవడానికి ప్రభుత్వ సాయం వస్తుందా అని గ్రూపులో చాలామంది అడుగుతున్నదాని గురించి రాస్తున్నాను.

అనంతపురం పట్టణంలో సొంత స్థలం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారికి, కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకపోతే, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష ఇస్తాయి. డబ్బు ఒకేసారి రాదు. పునాది, గోడలు, పైకప్పు ఇలా పని సాగేకొద్దీ ఫొటోలు తీసి, విడతలుగా ఖాతాలో వేస్తారు. కాబట్టి మొదటి పనికి చేతిలో కొంత ఉండాలి. పల్లెల్లో ఉన్న మన బంధువులకు గ్రామీణ పథకం వేరు: 1.20 లక్షలు, దానికి తోడు ఉపాధి హామీ కూలి.

పాత ఇంటి మరమ్మతుకు మాత్రం ఈ డబ్బు రాదు. నాకూ అదే నిరాశ. దానికి బ్యాంకుల మరమ్మతు రుణమో, డ్వాక్రా సంఘం అప్పో చూసుకోవాలి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి మరమ్మతు రుణం వడ్డీపై ఏడాదికి 30,000 వరకు మినహాయింపు ఉంది.

ఆధార్, బ్యాంకు పుస్తకం, స్థలం పత్రం, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని వార్డు సచివాలయానికి వెళ్లండి. పేరు రాయిస్తానని మా వీధిలో ఒకాయన రెండు వేలు అడిగాడు. ఇవ్వకండి. రేపు పది గంటలకు నేను వెళుతున్నాను, వచ్చేవారు చెప్పండి.