2024–25 వార్షిక నివేదిక: కౌన్సిల్‌తో మన సంఘం వ్యవహారాలు

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు కార్యవర్గం చేసిన పనుల వివరాలను ఈ నివేదిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపుతున్నారు కనుక ఇక్కడ ఆ జోలికి పోవడం లేదు. సాంస్కృతిక కార్యక్రమాలు, పిల్లల తరగతులు యథావిధిగా జరిగాయి. కార్యవర్గం సమయంలో ఎక్కువ భాగం మాత్రం స్థానిక కౌన్సిల్‌తో (ఇక్కడ ఇంగ్లండ్‌లో మునిసిపాలిటీ లాంటి పాలకసంస్థ) ఉత్తరప్రత్యుత్తరాలకే పోయింది. అందుకే నివేదిక కూడా ప్రధానంగా దాని గురించే.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు లేచి, “కౌన్సిల్ టాక్స్ కడుతున్నాం, వాళ్ళు చెత్త తీసుకెళ్తున్నారు, అంతకు మించి మనకు ఒరిగేదేమిటి?” అని నిలదీశారు. ఆ రోజు వేదిక మీద ఉన్న మా ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఏడాది తిరిగేసరికి కొంత తెలిసింది. ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళు చిన్న వ్యాపారాలకూ సంఘాలకూ చేసే సాయం చేతికి డబ్బుగా అందేది తక్కువ. బిల్లులో తగ్గింపుగానో, అనుమతిగానో, సలహాగానో, ఒక హాలు మీద హక్కుగానో వచ్చేదే ఎక్కువ. అదైనా అడిగినవారికే, సరైన కాగితాలతో గడువులోగా అడిగినవారికే దక్కుతుంది. మన సభ్యులు నష్టపోయిన ప్రతి సందర్భంలోనూ అడగకపోవడమో, ఆలస్యంగా అడగడమో కారణంగా కనిపించింది.

దుకాణాలు, రెస్టారెంట్లు నడుపుతున్న సభ్యులకు అన్నిటికన్నా బరువైనది బిజినెస్ రేట్ల బిల్లు, అంటే వ్యాపార స్థలం మీద పడే పన్ను. బిల్లు పంపేదీ వసూలు చేసేదీ కౌన్సిలే అయినా, ఆస్తికి పన్ను లెక్క కోసం విలువ (రేటబుల్ విలువ) కట్టేది కేంద్ర ప్రభుత్వపు వాల్యుయేషన్ విభాగం. ఆ విలువలో పౌండుకు ఎన్ని పెన్నీలు చెల్లించాలో తేల్చేది కేంద్ర ప్రభుత్వం. అందువల్ల బిల్లు ఎక్కువ వచ్చిందని కౌన్సిల్ కౌంటరు దగ్గర వాదించి ప్రయోజనం లేదు. తగ్గింపు అడగవలసింది మాత్రం అక్కడే. ఒకే ఆస్తిలో వ్యాపారం చేసేవారికి దాని రేటబుల్ విలువ 12,000 పౌండ్లు దాటకపోతే రేట్లు పూర్తిగా మాఫీ అవుతాయి. 12,000 నుంచి 15,000 వరకు ఆ మాఫీ క్రమంగా కరిగిపోతుంది. దీనికి దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతే తెలియక, పూర్తి మాఫీకి అర్హత ఉండి కూడా నెలనెలా వాయిదాలు కడుతూ వచ్చిన సభ్యులు మనలో ఉన్నారు.

లెక్క స్పష్టం కావడానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఒక టేకవే రేటబుల్ విలువ 13,500 పౌండ్లు అనుకుందాం. 2024–25లో చిన్న వ్యాపారాలకు పౌండుకు 49.9 పెన్నీల చొప్పున కట్టవలసింది సుమారు 6,736 పౌండ్లు. చిన్న వ్యాపారాల తగ్గింపు కింద అందులో సగం పోతే 3,368 మిగులుతుంది. ఆ మిగిలినదాని మీద రిటైల్, ఆతిథ్య రంగాలకు ఆ ఏడాది ఇచ్చిన 75 శాతం తగ్గింపు కూడా వర్తిస్తే చివరికి కట్టేది దాదాపు 842 పౌండ్లు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ 75 శాతాన్ని ప్రభుత్వం 40కి తగ్గించింది. పెన్నీల రేటు మారకపోయినా, దుకాణంలో ఒక్క కుర్చీ పెరగకపోయినా, అదే టేకవే బిల్లు 2,020 పౌండ్లు దాటింది. మార్చిలో కొత్త బిల్లులు అందగానే సభ్యుల నుంచి ఫోన్లు వచ్చింది ఇందుకే. పొరపాటు పడ్డారేమోనని కనుక్కున్నాం; పొరపాటు లేదు.

ఈ సందర్భంగా ఒక హెచ్చరిక. మీ తరఫున తగ్గింపు ఇప్పిస్తామని ఫోన్ చేసి, వచ్చినదాంట్లో వాటా అడిగే ఏజెంట్ల మాట నమ్మి సంతకాలు పెట్టవద్దు. దరఖాస్తుకు రుసుము లేదు. ఫారం నింపడంలో సాయం కావాలంటే కార్యవర్గంలో ఎవరినైనా అడగండి.

వ్యాపార కేంద్రాల్లో కొన్నిచోట్ల బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్టులు ఉన్నాయి. అక్కడి వ్యాపారులు రేట్లకు అదనంగా మరో పన్ను తమ మీద తామే వేసుకుని, వీధి దీపాలకో భద్రతకో ఖర్చు పెట్టుకునే ఏర్పాటు ఇది. ఓటింగులో సంఖ్యాపరంగానూ, రేటబుల్ విలువ పరంగానూ రెండు విధాలా మెజారిటీ వస్తేనే ఇది అమలవుతుంది; గరిష్ఠంగా అయిదేళ్ళు నడుస్తుంది. ఓటు కాగితాన్ని ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేసి, తరువాత పన్ను వచ్చిందని బాధపడడం వల్ల ఉపయోగం లేదు.

ఇళ్ళలో వండి అమ్మే సభ్యులు ఈ ఏడాది పెరిగారు. వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు కౌన్సిల్‌లో ఆహార వ్యాపారంగా నమోదు కావాలి. ఇది ఉచితం, నమోదును నిరాకరించే అధికారం వారికి లేదు. ఆ తరువాత పర్యావరణ ఆరోగ్య అధికారి వచ్చి చూసి సున్నా నుంచి అయిదు వరకు రేటింగు ఇస్తారు. మన సోదరి ఒకరి కోరికపై అలాంటి తనిఖీకి నేనూ వెళ్ళాను. వంటగది అద్దంలా ఉంది. అధికారి ఫ్రిజ్ తెరిచి, రెండు డబ్బాల మధ్య థర్మామీటరు పెట్టి చూశారు. ఎనిమిది డిగ్రీల చట్టపరమైన పరిమితికి చాలా కిందే ఉంది. తరువాత రోజువారీ రికార్డు పుస్తకం అడిగారు. మొదటి రెండు వారాలు చక్కటి చేతిరాతతో నిండి ఉన్నాయి, ఆపైన అన్నీ ఖాళీ పేజీలే. చేసిన పనికి కాగితం లేకపోతే నిర్వహణ మీద నమ్మకం అనే అంశంలో మార్కులు పడవు; మూడు అంశాల్లో ఏది బలహీనంగా ఉంటే రేటింగు అక్కడికే ఆగిపోతుంది. అయిదు రావలసిన వంటగదికి నాలుగే వచ్చింది. వేల్స్‌లోలా ఇంగ్లండ్‌లో ఆ అంకెను గుమ్మానికి తగిలించాలన్న నిబంధన లేకపోయినా, కొనేవాళ్ళు ఇంటర్నెట్‌లో చూసుకుంటున్నారు. ఆ సోదరికి అధికారి దాదాపు గంటసేపు ఓపికగా అన్నీ వివరించారని కూడా చెప్పాలి. తనిఖీని పరీక్షగా కాక ఉచిత సలహాగా తీసుకుంటే మంచిదని నా అభిప్రాయం. పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల జాబితాను తెలుగులో రాసి ఆ సభ్యులందరికీ పంచాం.

రెస్టారెంటు ముందు కాలిబాట మీద బల్లలు వేసుకునే అనుమతి కోవిడ్ కాలంలో తాత్కాలికంగా వచ్చి, 2024 మార్చి చివరి నుంచి శాశ్వతమైంది. మొదటిసారి రుసుము 500 పౌండ్లు, పునరుద్ధరణకు 350 పౌండ్లు మించకూడదు. ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న దుకాణాలను వేలం ద్వారా అద్దెకు ఇప్పించే అధికారం కూడా 2024 డిసెంబరులో కౌన్సిళ్ళకు వచ్చింది. దాన్ని వాడుకోవడం కౌన్సిల్ ఇష్టం. మన సభ్యులెవరికీ ఇంకా ఆ అవసరం పడలేదు.

ఇక గ్రాంట్ల విషయం. ఇక్కడ సభ్యుల అంచనాలకూ వాస్తవానికీ చాలా దూరం ఉంది. వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ వంటివి కౌన్సిల్ చట్టరీత్యా చేసి తీరవలసినవి; సంఘాలకు గ్రాంట్లు ఇవ్వడం అలా కాదు. డబ్బు చాలనప్పుడు ముందుగా కోత పడేది ఇక్కడే. 2023లో బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ వంటి పెద్ద నగరాల కౌన్సిళ్ళే బడ్జెట్ నిలబెట్టుకోలేమని సెక్షన్ 114 నోటీసులు జారీ చేశాయంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కొత్త వ్యాపారులకు ఉచిత శిక్షణ వంటివి అనేక చోట్ల యూకే షేర్డ్ ప్రాస్పెరిటీ ఫండ్ అనే కేంద్ర ప్రభుత్వ నిధి ఆధారంగా నడిచాయి. 2022 నుంచి 2025 మార్చి వరకు 260 కోట్ల పౌండ్లతో సాగిన ఆ నిధిని 90 కోట్ల పౌండ్లతో ఇంకొక్క ఏడాది, అంటే 2026 మార్చి వరకు పొడిగించారు. జమాఖర్చుల పుస్తకాలు రాయడం, ఆన్‌లైన్ అమ్మకాలు నేర్చుకోవాలనుకునే సభ్యులు ఆ శిక్షణలు ఉండగానే పేరు ఇచ్చుకోవాలని కోరుతున్నాను.

మనం ఈ ఏడాది పెట్టిన చిన్న గ్రాంటు దరఖాస్తు మొదటిసారి తిరిగి వచ్చింది. నియమావళి ఉంది, బీమా ఉంది, పిల్లల రక్షణ విధానం ఉంది. అయితే బ్యాంకు ఖాతాకు సంతకందారులు ఇద్దరూ బంధువులు కాకూడదన్నది షరతు. మన చెక్కుల మీద సంతకాలు చేస్తున్నది భార్యాభర్తలు. ఎన్నో ఏళ్ళుగా నమ్మకంగా సేవ చేస్తున్న ఆ దంపతులను అనుమానించినట్లు కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. ఆ దంపతులే ముందుకు వచ్చి ఒకరు తప్పుకుంటామన్నారు. షరతు సబబైనదేననీ, మనమే ఎప్పుడో మార్చుకోవలసిందనీ కార్యవర్గం భావిస్తోంది.

కార్యక్రమాల అనుమతి విషయంలో ఒక పొరపాటు నాది. ఐదు వందల మంది లోపు ప్రేక్షకులుండే నృత్య ప్రదర్శనకు రాత్రి 11 గంటల వరకు లైసెన్సు అక్కర్లేదు. మన కార్యక్రమం ఆ సమయం దాటుతుంది కనుక 21 పౌండ్లు కట్టి తాత్కాలిక నోటీసు ఇవ్వవలసి వచ్చింది. పది పని దినాల ముందు ఇవ్వాలి, అందులో నోటీసు ఇచ్చిన రోజూ కార్యక్రమం రోజూ లెక్కకు రావు. నేను రెండూ కలిపేసి లెక్కపెట్టాను. దానితో అది ఆలస్యపు నోటీసు అయింది. పోలీసులు గానీ ఆరోగ్య అధికారులు గానీ అభ్యంతరం చెప్పి ఉంటే విచారణ కూడా లేకుండా రద్దయ్యేది. చెప్పలేదు కాబట్టి గండం గడిచింది.

చివరగా, మనం తరగతులు నడుపుకుంటున్న హాలు. యజమానులు దాన్ని అమ్మే ఆలోచనలో ఉన్నట్టు శీతాకాలంలో తెలిసింది. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం ఇలాంటి భవనాన్ని సామాజిక విలువ గల ఆస్తిగా నమోదు చేయమని కౌన్సిల్‌ను కోరవచ్చు. నమోదైతే అది అయిదేళ్ళు జాబితాలో ఉంటుంది. యజమాని అమ్మదలిస్తే కౌన్సిల్‌కు తెలపాలి. ఆరు వారాల్లోగా ఏదైనా రిజిస్టరైన స్థానిక సంఘం కొనుగోలుకు ఆసక్తి చూపితే, తెలిపిన నాటి నుంచి ఆరు నెలల వరకు అమ్మకం ఆగుతుంది. మనకే అమ్మాలన్న నిర్బంధం మాత్రం లేదు. దొరికేది నిధులు కూడగట్టుకునే వ్యవధి ఒక్కటే.

మనలాంటి రిజిస్టరు కాని సంఘం ఈ దరఖాస్తు పెట్టాలంటే ఈ కౌన్సిల్ లేదా పక్క కౌన్సిల్ ప్రాంతంలో ఓటర్లుగా నమోదైన సభ్యులు కనీసం 21 మంది ఉండాలి. ఇంత సంఘంలో అదెంత పని అనుకున్నాం. జాబితా తీసి చూస్తే ఆ సంఖ్య తేలలేదు. బ్రిటిష్ పౌరసత్వం వచ్చినవారికే ఓటు ఉంటుందని చాలామంది భారతీయ సభ్యులు ఏళ్ళ తరబడి అనుకుంటున్నారు. నిజానికి కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. కౌన్సిల్ మనకేం చేస్తోందని అడిగిన సభ్యుడు కూడా నమోదు కాలేదని ఇక్కడ రాయడానికి ఆయనే నవ్వుతూ అనుమతి ఇచ్చారు. ఇల్లిల్లూ తిరిగి నమోదు చేయించాక సంఖ్య సరిపోయింది, దరఖాస్తు అందజేశాం. కౌన్సిల్ నిర్ణయానికి ఎనిమిది వారాల గడువు ఉంది, అది ఇంకా పూర్తి కాలేదు.

రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ప్రవేశపెడుతున్నాం. బంధుత్వం లేని ముగ్గురిని సంతకందారులుగా నియమించి, ప్రతి చెక్కుకూ వారిలో ఇద్దరి సంతకం తప్పనిసరి చేయడం ఒకటి. సంఘాన్ని చారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్‌గా (తన పేరు మీదే ఆస్తి కలిగి ఉండగల చారిటీగా) రిజిస్టరు చేయించడం రెండవది. అప్పుడు హాలు సంఘం పేరు మీదనే తీసుకోవచ్చు, దాని బిజినెస్ రేట్లలో 80 శాతం తగ్గింపు చారిటీగా హక్కుగా వస్తుంది. సమావేశం రోజు గుమ్మం దగ్గర ఓటరు నమోదుకు ఒక బల్ల వేస్తున్నాం. ఇంకా నమోదు కానివారు నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు రాసి తెచ్చుకుంటే అక్కడే ఫోనులో అయిదు నిమిషాల్లో పని పూర్తవుతుంది.

ఇట్లు,
కార్యదర్శి