ఇంటి నుంచి స్టేషన్ దాకా: కాలనీ సంక్షేమ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు, డ్రైనేజీ, వీధి దీపాల వివరాలు నోటీసు బోర్డులో పెట్టాం. ఈ ఏడాది సంఘం ఎక్కువ సమయం పెట్టిన పని వేరే ఉంది. మన కాలనీ నుంచి మియాపూర్ మెట్రో స్టేషన్‌కి బండి తీయకుండా వెళ్లగలమా అన్నది తేల్చుకోవడం.

2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు ఇక కార్లు ఇంట్లోనే ఉంటాయనుకున్నాం. ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు సిగ్నళ్ల బాధ లేకుండా వెళ్లొచ్చు. తీరా చూస్తే స్టేషన్ చేరడమే కష్టమైంది. అందుకే కొందరు సభ్యులం ఆదివారాలు పొద్దున్నే టేపు, నోటుపుస్తకం పట్టుకుని ఆ దారంతా నడిచాం. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి, ఇంకాస్త ముందుకెళ్తే మూత లేని మ్యాన్‌హోల్. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ మాతో వచ్చారు. ఫుట్‌పాత్ ఎత్తు ఎక్కలేక ఆవిడ రోడ్డు మీదే నడిచారు, బస్సులు పక్కనుంచే పోతున్నాయి. వినతిపత్రంలో మొదటి కోరికగా ర్యాంపు రాసింది అందుకే. టిఫిన్ బండి తీసేయమని మాత్రం రాయలేదు. రాత్రిళ్లు ఆ బండి లైటు వెలుగుతుంటేనే ఆడపిల్లలు ఆ దారిలో ధైర్యంగా వస్తున్నారు.

సంబంధిత కార్యాలయం చుట్టూ చాలాసార్లు తిరిగాం. మ్యాన్‌హోల్‌కి మూత పడింది. ర్యాంపు ఇంకా రాలేదు.

బస్సుల విషయంలో మార్పు కళ్లకు కనిపిస్తోంది. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. మన ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు షేర్ ఆటో ఖర్చు తప్పింది. కొడుకో భర్తో దింపితే తప్ప గడప దాటని అమ్మలు ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకుని, సొంతంగా కోఠి వెళ్లొస్తున్నారు. రద్దీ పెరిగింది, నిజమే. సీటు దొరకని మగవాళ్ల కోపం కూడా సర్వసభ్య సమావేశంలో విన్నాం. బస్సులు పెంచమని అందరం కలిసి అడగాలి, ఆడవాళ్ల ప్రయాణాన్ని తప్పుపట్టడం సరికాదని కమిటీ తీర్మానించింది.

గేటు దగ్గర పెట్టిన సైకిల్ స్టాండు చాలావరకు ఖాళీగానే ఉంది. పిల్లల్ని మెయిన్ రోడ్డు మీదికి సైకిల్‌తో పంపాలంటే తల్లిదండ్రులకు టెన్షన్. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది, బాగుంది. కానీ అక్కడికి సైకిల్‌ని కారులో వేసుకుని వెళ్లాల్సి వస్తోంది. మనకు కావలసింది స్కూలుకీ స్టేషన్‌కీ వెళ్లే దారిలో ఒక చిన్న సైకిల్ లేన్. వచ్చే ఏడాది వినతిపత్రంలో ర్యాంపుతో పాటు అది కూడా చేరుస్తాం.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం 6 గంటలకు మళ్లీ నడుస్తున్నాం. ఈసారి బస్టాపు వైపు. ఇంట్లో పెద్దవాళ్లను కూడా తీసుకురండి, ఎక్కడ ఆగాల్సి వస్తోందో వాళ్ల కాళ్లకే బాగా తెలుసు.

ఇట్లు,
కార్యదర్శి