డాలస్ మిడ్‌వైఫ్ అట్లాంటాలో పనికిరాదు

అమ్మా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన దానికి జవాబు చెప్పేలోపే అత్తయ్య లైన్లోకి వచ్చింది. "నర్సింగ్ చదవని మనిషి పురుడు పోయడమేంటి? దానికి గవర్నమెంటే లైసెన్సు ఇవ్వడమేంటి?" అన్నావు. గొంతులోనే తెలిసింది కోపం. అన్నేళ్లు ఏఎన్‌ఎంగా సబ్‌సెంటర్ నడిపినదానివి, నీకు కాక ఎవరికొస్తుంది కోపం! ఫోన్‌లో చెబితే మళ్లీ సగంలో తెగుతుంది. అందుకే రాస్తున్నా. నాన్నతో ప్రింటు తీయించుకుని తీరిగ్గా చదువు.

ఇస్తుందమ్మా. కానీ అన్నిచోట్లా ఇవ్వదు. ఇక్కడ అమెరికాలో డాక్టరైనా, నర్సయినా, జుట్టు కత్తిరించేవాళ్లయినా లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. మిడ్‌వైఫ్‌ల, అంటే పురుళ్లు పోసేవాళ్ల సంగతీ అంతే. నర్సింగ్ చదివి, దాని మీద మళ్లీ పెద్ద చదువు చదివినవాళ్లు నర్సు మిడ్‌వైఫ్‌లు. వాళ్లకు 50 రాష్ట్రాల్లోనూ లైసెన్సు ఉంది. ఎక్కువమంది ఆసుపత్రుల్లోనే ఉంటారు. ఇంకో రకంవాళ్లు నర్సింగ్ జోలికి పోకుండా నేరుగా కాన్పుల పనే నేర్చుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉండే సర్టిఫికెట్‌ని సీపీఎం (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్) అంటారు. 1994 నుంచి ఇస్తున్నారు. ఇళ్లలో పురుళ్లు పోసేది ఎక్కువగా వీళ్లే, ఆసుపత్రికి బయట కాన్పుల కోసమే ఉండే బర్త్ సెంటర్లలోనూ చేస్తారు. గొడవంతా వీళ్ల గురించే.

ఎన్ని కాన్పులు చేస్తే ఆ సర్టిఫికెట్ వస్తుందని అడుగుతావు, నాకు తెలుసు. సీనియర్ దగ్గర చేరి నేర్చుకునే దారిలో అయితే 10 కాన్పులు పక్కన నిలబడి చూడాలి. 20 కాన్పుల్లో సాయం పట్టాలి. ఆ తర్వాత సీనియర్ కళ్లముందే తన చేతుల మీదుగా 20, ఆపైన మరో 5 చేయాలి. గర్భిణులను చూసిన లెక్క 75, బాలింతలను చూసిన లెక్క 40, పసిపిల్లలను చూసిన లెక్క 20 చూపించాలి. చివర్లో రాత పరీక్ష. "ఇంతేనా!" అంటావని తెలుసు. నువ్వు మీ పీహెచ్‌సీలో చూసిన కాన్పుల ముందు ఇదెంత.

అయినా ఒకటి చెప్పనీ. ఇక్కడ డాలస్‌లో మా కింద ఫ్లాట్‌లో తెనాలి అమ్మాయి ఉందని చెప్పాను కదా, ఆమెకు రెండో కాన్పు ఇలాంటి మిడ్‌వైఫే చేసింది. ఓసారి చెకప్‌కి తోడు వెళ్లాను. బీపీ చూడకముందే ఆవిడ ఒక ఫారం తీసి ముందు పెట్టింది. టెక్సస్‌లో ప్రతి మిడ్‌వైఫూ తన దగ్గరికొచ్చిన మనిషికి ఇది చదివి చెప్పి, రాసిచ్చి తీరాలి. తానిప్పటిదాకా ఎన్ని కాన్పులు చేసింది, లైసెన్సు ఎప్పటిదాకా ఉంది, ఏదైనా తేడా వస్తే ఏ డాక్టరు, ఏ ఆసుపత్రి అనేది అందులో ఉంటుంది. తాను చేయకూడనివి కూడా ఉంటాయి. బిడ్డ తల పట్టి లాగే ఫోర్సెప్స్ వాడకూడదు. బొడ్డు కోయడానికీ ప్రాణం మీదికొచ్చినప్పుడు ప్రథమ చికిత్సకీ తప్ప కత్తీ కత్తెరా పట్టకూడదు. నొప్పులు రావడానికిగానీ ఆగడానికిగానీ మందు ఇవ్వకూడదు. లోపల చెయ్యిపెట్టి మాయ తీయకూడదు. ఆక్సిజనూ, పుట్టిన బిడ్డ కళ్లలో వేసే మందూ తప్ప ప్రిస్క్రిప్షన్ మందు ఏదైనా డాక్టరు అజమాయిషీలోనే ఇవ్వాలని ఆ ఫారంలో ఉంది.

నాకు ఆ ఫారం తెగ నచ్చింది. మన దగ్గర ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లలో ఏ డాక్టరైనా "నేను ఇన్ని సిజేరియన్లు చేశాను" అని కాగితం మీద రాసి చేతిలో పెడుతుందా?

ఆవిడ బ్యాగులోవి కూడా చూశాను, నీకు చెప్పాలని. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్, చిన్న ఆక్సిజన్ సిలిండర్, బిడ్డకు ఊపిరి అందించే అంబూ బ్యాగు, కొక్కేనికి తగిలించి గుడ్డ ఉయ్యాలలో బిడ్డను తూచే త్రాసు. మీ సబ్‌సెంటర్‌లో ఉండేలాంటిదే. నువ్వు దాయిలకు, అదే ఊళ్లో మంత్రసానులకు, ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు వల్లె వేయించేదానివే, చేతులు శుభ్రం, పక్క శుభ్రం, బ్లేడు శుభ్రం, దారం శుభ్రం, బొడ్డు శుభ్రం అని. ఆ ఐదూ ఇక్కడా ఉన్నాయి. తేడా ఏంటంటే, మన దాయిలకు ట్రైనింగూ కిట్టూ ఇచ్చాంగానీ లైసెన్సు అనేది ఏనాడూ ఇవ్వలేదు. 2005లో జననీ సురక్ష పథకం వచ్చాక కాన్పులన్నీ ఆసుపత్రికే అన్నారు, దాయిలు పక్కకు జరిగిపోయారు. ఇప్పుడు తెలంగాణలో తయారవుతున్న మిడ్‌వైఫ్‌లు కూడా ముందు నర్సులే కదా. 2017లో హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లతో కలిసి గవర్నమెంటు మొదలుపెట్టిన పద్దెనిమిది నెలల కోర్సు నర్సింగ్ అయినవాళ్లకే. నర్సు కాని మిడ్‌వైఫ్ అంటే నీకు వింతగా ఉండటంలో వింతేం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మీ అల్లుడికి అట్లాంటా ట్రాన్స్‌ఫర్ ఖాయమైంది. నాకు ఐదో నెల. తెనాలి అమ్మాయి కాన్పు చూశాక నేనూ ఆ మిడ్‌వైఫ్ దగ్గరే చూపించుకుందామనుకున్నా. నీకు చెప్పలేదు, తిడతావని. ఆవిడనే అడిగాను, అట్లాంటాలో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. నవ్వింది. "జార్జియాలో నాలాంటిదానికి లైసెన్సే ఇవ్వరు. అక్కడ నేను కాన్పు చేస్తే చట్టానికి అడ్డం" అంది. నమ్మలేదు నేను, ఇంటికొచ్చి రాత్రంతా అదే చదువుతూ కూర్చున్నా. నిజమే. జార్జియాలో నర్సు మిడ్‌వైఫ్‌లకే గుర్తింపు. 2019లో అక్కడ దశాబ్దాలుగా ఈ పనిలో ఉన్న సీపీఎం ఒకావిడ, "మిడ్‌వైఫ్‌ని" అని చెప్పుకున్నందుకు కూడా నర్సింగ్ బోర్డు అభ్యంతరం పెడితే కోర్టుకెక్కింది. పక్కనే టెన్నెసీలో మాత్రం అదే సర్టిఫికెట్‌కి లైసెన్సుంది. మధిర నుంచి గంపలగూడెం వైపు పోతే కాసేపట్లో ఆంధ్రా వచ్చేస్తుంది కదా. అక్కడ నువ్వు కాన్పు చేయాలంటే నర్సింగ్ కౌన్సిల్‌లో కాగితాలు మార్చుకోమంటారేమోగానీ, కేసు పెట్టరు కదా!

ఒక్కో రాష్ట్రానిది ఒక్కో కథ. వాషింగ్టన్, అంటే రాజధాని కాదు, సియాటెల్ ఉన్న రాష్ట్రం, 1917లోనే మిడ్‌వైఫ్ లైసెన్సు చట్టం చేసింది. మూడేళ్ల చదువు అడుగుతుంది, కానీ చదివాక నమ్ముతుంది. కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఇచ్చే మందూ, బిడ్డకు విటమిన్ కె ఇంజక్షనూ ఆమే ఇవ్వొచ్చు. కాలిఫోర్నియా 1993లో లైసెన్సు తెచ్చి, డాక్టరు పర్యవేక్షణ ఉండాలని మెలిక పెట్టింది. ఒప్పుకునే డాక్టరు ఏడీ? వాళ్ల ఇన్సూరెన్సు కంపెనీలే ఒప్పుకోవు. ఇరవై ఏళ్లు కాగితం మీదే ఉన్న ఆ షరతును 2013 చట్టంతో తీసేశారు. మిస్సోరీలో అయితే 2007లో ఆరోగ్య బీమా బిల్లులో ఎక్కడో ఒక చిన్న వాక్యం దూర్చి నర్సు కాని మిడ్‌వైఫ్‌ల పనిని చట్టబద్ధం చేసేశారు. ఓటేసినవాళ్లలో చాలామంది గమనించనే లేదు! తర్వాత లబోదిబోమంటూ కోర్టుకు పోతే 2008లో అక్కడా కేసు నిలవలేదు. లైసెన్సు చట్టం చేయడానికి ఇలినాయ్‌కి 2021 దాకా, మసాచుసెట్స్‌కి 2024 దాకా పట్టింది.

అలబామా సంగతి చదివితే బాధేసింది. దక్షిణాదిలో తరాల తరబడి నల్లజాతి మంత్రసానులే ఊరందరికీ పురుళ్లు పోశారు, తెల్లవాళ్లకు కూడా. 1976లో చట్టం మార్చి వాళ్ల పర్మిట్లకు మంగళం పాడారు. మళ్లీ 2017లో నర్సు కాని మిడ్‌వైఫ్‌లకు లైసెన్సు తెచ్చేసరికి ఆ తరంవాళ్లు ఎంతమంది మిగిలారు?

నువ్వు డాక్టర్ల పక్షం అని తెలుసు, వాళ్ల మాటా చెబుతా. ఇక్కడి గైనకాలజిస్టుల సంఘం ఆసుపత్రీ, గుర్తింపు ఉన్న బర్త్ సెంటరే క్షేమం అంటుంది. ముందే అనుకుని ఇంట్లో కనే కాన్పుల్లో బిడ్డ చనిపోయే ప్రమాదం రెండింతలకు పైనే అని 2017లో రాసింది. వెయ్యికి ఒకటి రెండు అన్నమాట. చిన్న అంకే, కానీ ఆ ఒక్కటీ మనింట్లో అయితే? నేనూ అదే ఆలోచించా.

అయితే లైసెన్సు ఇవ్వకపోతే ఆ ప్రమాదం తగ్గుతుందా? నాకలా అనిపించట్లేదు. ఇంట్లోనే కంటామనేవాళ్లు ఎలాగూ కంటున్నారు. న్యూయార్క్‌లో 2018లో ఒక సీపీఎంని లైసెన్సు లేకుండా పనిచేస్తోందని అరెస్టు చేశారు. అక్కడ నర్సు కానివాళ్లకు లైసెన్సు లేకపోలేదు, కాకపోతే పెద్ద డిగ్రీ ఉండే వేరే సర్టిఫికెట్ కావాలి. ఆమె కాన్పులు చేసేది మెనోనైట్ కుటుంబాలకు, కరెంటూ కార్లూ తక్కువగా వాడే మతస్థులకు. వాళ్లు కోర్టుకొచ్చి ఆమె పక్కనే నిలబడ్డారు. రేపు ఆమెలాంటి మనిషి చేతిలో ఉన్న కాన్పులో రక్తం ఆగకపోతే ఏం చేస్తుంది? నువ్వే చెబుతావుగా, ఆ సమయంలో ప్రతి నిమిషం లెక్కే అని. లైసెన్సు ఉన్నది వెంటనే ఫోన్ తీస్తుంది, కేస్ షీట్ పట్టుకుని అంబులెన్స్ ఎక్కుతుంది, డ్యూటీ డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెబుతుంది. పోలీసు భయం ఉన్నది ఫోన్ తీసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తుంది. నా భయమంతా ఆ క్షణం గురించే.

చదువు లేనిదే చేయి తిరగదంటావేమో. ఇక్కడ ఇనా మే గాస్కిన్ అని పెద్దావిడ ఉంది. చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. టెన్నెసీ పల్లెలో పని నేర్చుకుంది. బిడ్డ తల వచ్చి భుజం ఇరుక్కుపోతే తల్లిని చేతుల మీద, మోకాళ్ల మీద ఉండమంటారు చూడు, ఆ పద్ధతికి ప్రసూతి పుస్తకాల్లో ఆవిడ పేరే పెట్టారు. గ్వాటెమాలా మంత్రసానుల నుంచి వచ్చిన పద్ధతి అని ఆవిడే చెబుతుంది.

సరే, నా సంగతి. అట్లాంటాలో నర్సు మిడ్‌వైఫ్‌లు ఉండే ఆసుపత్రిలోనే పేరు నమోదు చేయించుకున్నా. మామూలుగా వాళ్లే చూస్తారు, తేడా వస్తే అదే అంతస్తులో డాక్టరూ ఆపరేషన్ థియేటరూ ఉంటాయి. ఊపిరి పీల్చుకో. అక్కడి నర్సు మిడ్‌వైఫ్ మొదటి ఫోన్‌లోనే మీ అమ్మగారు కూడా గదిలో ఉండొచ్చా అని నేనడగకుండానే అడిగింది. మా అమ్మకు నా కాన్పు కన్నా మీ పని చూడాలని ఎక్కువ కుతూహలం అన్నాను.

నాన్నకు చెప్పు, టికెట్ డాలస్‌కి కాదు, అట్లాంటాకి తీయమని. వాము, శొంఠి తెచ్చుకో. ఇంగువ ఇక్కడే దొరుకుతుంది. కాయం ఉండలు మాత్రం సూట్‌కేసులో పెట్టకు, కస్టమ్స్‌లో అడిగితే నాన్నకు టెన్షన్.

నీ కూతురు