వెనుక అద్దాల విషయంలో తప్పు మాదే, సగం

గత ఏడాదిగా మా షెడ్డులో కారు వెనుక డోర్ పవర్ విండో మెషిన్, అంటే అద్దాన్ని ఎక్కించి దించేది, మార్పించుకున్న వాళ్లందరి కోసం రాస్తున్నాను. మీ అద్దం ఇప్పుడు బాగానే ఎక్కి దిగుతున్నా సరే, చివరిదాకా చదవండి.

చాలాకాలంగా మా దగ్గరికే వచ్చే మాస్టారు ఒకరున్నారు. పదిహేడేళ్ల సెడాన్ ఆయనది. ఎడమవైపు వెనుక అద్దం సగానికి వచ్చి ఆగిపోతోందని తెస్తే, మోటారుతో సహా కొత్త మెషిన్ వేసి పంపాం. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే తంతు. ఈసారి ఆయన మా దగ్గరికి రాలేదు, ఇంకెక్కడో చూపించుకున్నారు. అక్కడ ఓ కుర్రాడు డోర్ ప్యాడ్ ఊడదీసి, ఒక్క బోల్టు వదులు చేసి, అద్దం పైకెత్తి మళ్లీ బిగించాడట. అరగంట పని. తర్వాత బ్రేకుల పని మీద వచ్చినప్పుడు మాస్టారు నవ్వుతూ చెప్పారు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ కుర్రాడు చేసింది సరైన పనే. వెనుక డోర్ అద్దం ముందు డోర్ అద్దం లాంటిది కాదు. వెనుక చక్రానికి చోటివ్వాలి కాబట్టి చాలా కార్లలో అక్కడ అద్దం రెండు ముక్కలుగా ఉంటుంది. చిన్న ముక్క కదలదు, పెద్దది కదులుతుంది, రెంటికీ మధ్య నిలువుగా ఒక పట్టీ. కదిలే అద్దం అంచు ఆ పట్టీలోని రబ్బరు బీడింగ్‌లోనే జారాలి. పట్టీ కింది బోల్టు వెంట్రుకవాసి పక్కకి బిగిసినా అద్దం దారిలో పట్టేస్తుంది. అద్దాన్ని పూర్తిగా పైకెక్కించి, అది పట్టీలో సుఖంగా కూర్చున్నాక బోల్టు బిగించాలి. మాస్టారి కారుకి మా వాళ్లు అద్దం కిందుండగానే బిగించేశారు. మా వాళ్లు అంటున్నాను గానీ, ఆ రోజు స్పానర్ నా చేతిలోనే ఉంది.

అద్దం పట్టేసినా స్విచ్ నొక్కుతూనే ఉంటే మోటారు వేడెక్కి, లోపలి కటౌట్ కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ తిరుగుతుంది. ‘కాసేపాగితే పనిచేస్తోందండీ, మోటారు వీకేమో’ అని మీరనడం, మేం తలూపి మోటారు మార్చడం, ఏడాదిగా ఇదే నడిచింది.

అది మా సగం. మిగతా సగం సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మేం వేసిన మెషిన్లు కేబుల్ రకం. మోటారు ఒక డ్రమ్ము తిప్పుతుంది, దానికి చుట్టిన సన్నటి స్టీలు కేబుల్ పైన ఒక మలుపు, కింద ఒక మలుపు తిరిగి అద్దాన్ని లాగుతుంది. సప్లయర్ మొదట్లో ఇచ్చిన వాటిలో ఆ మలుపుల దగ్గర తిరిగే చిన్న చక్రాలుండేవి. మధ్యలో, మాకు మాట మాత్రం చెప్పకుండా, చక్రం తీసేసి తిరగని ప్లాస్టిక్ ముక్క పెట్టారు. అదే డబ్బా, అదే పార్టు నంబరు, అదే బిల్లు. కేబుల్ ఆ ముక్క మీద రోజూ రుద్దుకుంటూ రంపంలా కోస్తుంది. తిరిగొచ్చిన మొదటి డోర్ తెరిస్తే అడుగున తెల్లటి పొడి, గోరంత ప్లాస్టిక్ పెళ్ల, పోగులు విడిపోయిన కేబుల్. పొడి వేలికి అంటుకుంది. అప్పుడు గానీ నేను కొత్త డబ్బా విప్పి చూడలేదు.

అలాంటివి మేం వేసినవి 23. తిరిగొచ్చినవి 6. ఆరింటినీ తీసుకెళ్లి సప్లయర్ టేబుల్ మీద పెట్టాను. ‘ఫిట్టింగ్‌లో తేడా అయ్యుంటుందండీ’ అన్నాడు. మాస్టారి కారు సంగతి దాచడం ఎందుకని ముందే చెప్పాను, దాన్నే పట్టుకున్నాడు. ఆ ఆరు డోర్లలోనూ పట్టీ సరిగ్గానే ఉంది, నేనే స్వయంగా చూశాను. పన్నెండేళ్లు అతని దగ్గర సరుకు కొన్నాను. ఇక కొనను. అరువు ఎక్కువిస్తానని కబురు పంపాడు, అయినా కొనను.

ఇక మిగిలిన 17 బండ్లు. ‘పగిలినప్పుడు చూసుకుందాంలే’ అని లెక్కలు చూసే మా తమ్ముడన్నాడు. వాడి మాటా తీసెయ్యలేను, అన్నీ ఒకేసారి మారిస్తే ఈ సీజన్ సంపాదన అందులోనే పోతుంది. ఫోన్ తీసి మొదటి నంబరు నొక్కడం, పెట్టేయడం, ఇలా నాలుగు రోజులు గడిచాయి. చివరికి ఒకటే ఆలోచన నిలిచింది: కేబుల్ తెగేది మా షెడ్డులో కాదు. ఎక్కడో వానలో, అద్దం డోర్‌లోకి జారిపోయి, వెనుక సీట్లో పిల్లలుండగా తెగుతుంది.

కాబట్టి 23 మందికీ పార్టుకి గానీ పనికి గానీ డబ్బు తీసుకోం. కంపెనీ మెషిన్ దొరికే మోడల్‌కి అదే వేస్తాం. దొరకనివాటికి అప్పట్లో మేం విప్పిన మీ పాత మెషిన్‌నే బాగుచేసి పెడతాం. మైనంలా గడ్డకట్టిన గ్రీజు గీకి, చక్రాలూ కేబులూ మార్చాలి కనుక బండి రోజంతా ఉంచాల్సి ఉంటుంది. తొందరపెడితే చెయ్యను. కొన్ని పాతవి తుక్కులో పడేశాం, వాటి బదులు వెతుకుతున్నాను. ఇకమీదట విప్పిన పార్టు మీ చేతికే ఇస్తాం.

కొత్త పనులకి ఇంకో మాట. కొలవకుండా మోటారు మార్చం. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులుండాలి. స్విచ్ నొక్కి ఉంచి మోటారు ప్లగ్గు దగ్గర చూస్తే తొమ్మిదో పదో చూపించిందంటే దోషం మోటారుది కాదు, దారిలో ఉంది. చాలా పాత కార్లలో వెనుక అద్దాల కరెంటు డ్రైవర్ డోర్ స్విచ్ మీదుగానే వెళ్తుంది, అక్కడ పాయింట్లు మసిపట్టి ఉండొచ్చు. లేదా డోర్ తెరిచి మూసే చోట, రబ్బరు గొట్టంలో వైరు విరిగి ఉండొచ్చు. ఈలోగా మీరు బీడింగ్‌లో ఇంజిన్ ఆయిల్ పొయ్యకండి, రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము పడుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి చాలు.

మాస్టారూ, మీ కారులో ఉన్నదీ ఆ 23లోదే. కుర్రాడు బోల్టు బాగానే చూశాడు, కేబుల్ కింద ప్లాస్టిక్ ముక్క చూడలేదు. ఈ వారంలో ఒకసారి బండి తీసుకురండి.